ఎమ్మెస్సీ జియాలజీ అయిపోయింది, జేఆర్ఎఫ్ ఉంది. చంద్రుడి రాళ్ళ మీద పీహెచ్‌డీనా, జీఎస్ఐ పరీక్షా?

గండికోట_పిల్ల | 2025 మార్చి 2, రాత్రి 10:40

అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నా, రాయడం మాత్రం ఇదే మొదలు. మాది జమ్మలమడుగు పక్కన పల్లె. నాయనకు చిన్న బండల పాలిష్ యూనిట్ ఉంది, అంటే మీ వంటింటి గట్టు మీద ఉండే నల్ల కడప బండలు. పుట్టినప్పటి నుంచి రాతి దుమ్ములోనే పెరిగాను కాబట్టి డిగ్రీలో జియాలజీ కనబడగానే చేరిపోయా, పెద్ద ఆలోచనేం లేదు. ఎమ్మెస్సీ పోయినేడు అయింది, సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) కూడా వచ్చింది.

ఇప్పుడు విషయం. ఒక చోట సార్ నన్ను ఇంటర్వ్యూ చేసి తీసుకుంటానన్నారు. టాపిక్ చంద్రుడి మీది అనార్థొసైట్ అనే లేతరంగు రాయిని మన దగ్గర దొరికే అనార్థొసైట్లతో పోల్చడం. చంద్రయాన్-3 దిగిన రోజు, 2023 ఆగస్టు 23న, హాస్టల్ మెస్‌లో టీవీ ముందు నిలబడి ఏడ్చేసిన బ్యాచ్ మాది, కాబట్టి ఆ మాట వినగానే సగం ఒప్పేసుకున్నా. ఇంకోపక్క జీఎస్ఐలో, అంటే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగానికి యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష. ఇంట్లో అందరూ అదే రాయమంటున్నారు, అమ్మ అయితే రెండూ వద్దు పెళ్ళి చేసుకోమంటుంది (అది వేరే చర్చాదారం, ఇక్కడ వద్దు).

ఫెలోషిప్ డబ్బులు బతకడానికి సరిపోతాయా, ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందా, ఆడపిల్ల ఒక్కతే ఫీల్డ్‌కి వెళ్ళగలదా, ఈ మూడిటి గురించే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

జిర్కాన్_బాబాయ్ | మార్చి 2, రాత్రి 11:25

చెల్లీ, టాపిక్ గురించి రాశావు, టీవీ గురించి రాశావు, ఆ ల్యాబ్ గురించి ఒక్క ముక్క లేదు. నేనూ ఐదేళ్ళ కింద ఇదే తప్పు చేశా కాబట్టి పట్టుకున్నా.

నాది కడప బేసిన్ పనే. పులివెందుల వైపు డైకుల (పగుళ్ళలో దూరి గట్టిపడ్డ శిలాద్రవం) వయసు తేల్చాలి. మొదటి ఫీల్డ్‌లో ఒక్కో శాంపిల్ పన్నెండు, పదిహేను కిలోలు, ఆరు గోతాలు, ఆర్టీసీ బస్సు మీద వేసుకుని తెచ్చా, కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు. తెచ్చి దంచి, జల్లించి, బల్ల మీద నీళ్ళతో కడిగి, బరువు ద్రవాల్లో ముంచి, అయస్కాంతానికి పెట్టి, చివరికి మైక్రోస్కోప్ కింద సూదితో ఏరితే తేలిందేమిటంటే అందులో జిర్కాన్లు (రాయి వయసు తేల్చడానికి వాడే గింజలు) దాదాపు లేవు. ఉండవు! అది మాఫిక్ రాయి, సిలికా తక్కువ, వెతకాల్సింది బాడెలైట్ అనే ఇంకో ఖనిజం. పులివెందుల సిల్ (రాతి పొరల మధ్య దూరి గట్టిపడ్డ శిలాద్రవం) 188.5 కోట్ల ఏళ్ళ నాటిదని 2008లో తేల్చింది కూడా బాడెలైట్‌తోనే. ఆ పేపరు నేను చదివా, చదివి కూడా జిర్కాన్ దొరకకపోతుందా అనుకున్నా. బాడెలైట్ గింజలు మరీ సన్నం, పల్చటి రేకుల్లా ఉంటాయి, మామూలుగా కడిగితే నీళ్ళతో పాటే కొట్టుకుపోతాయి. దానికి వేరే పద్ధతి ఉంది, ఆ పద్ధతి తెలిసినవాళ్ళు మా ల్యాబ్‌లో లేరు. ఏడాదిన్నర పోయింది.

తర్వాత మెషీన్ గోల. మా దగ్గర వయసు కొలిచే మెషీన్ లేదు, బయట స్లాట్ కోసం ఎనిమిది నెలలు ఆగా, తీరా వెళ్ళిన రోజున లేజర్ చిల్లర్ చెడిపోయిందన్నారు. మళ్ళీ లైన్లో నిలబడ్డా. పేరు చూశావుగా, ఒక్క మంచి జిర్కాన్ లేకుండానే జిర్కాన్ బాబాయ్ అయిపోయా.

నువ్వు అడగాల్సిందల్లా ఒకటే. నీ పనికి కావాల్సిన మెషీన్ ఆ బిల్డింగ్‌లో ఉందా, ఉంటే పనిచేస్తోందా, దాన్ని నడిపేవాడు పర్మనెంటా కాంట్రాక్టా? చంద్రుడి సంగతి తర్వాత.

సుత్తి_మాస్టారు | మార్చి 3, ఉదయం 6:15

బాబాయ్ చెప్పింది నిజమే గానీ మరీ భయపెట్టేశాడు. నేను జీఎస్ఐలో తొమ్మిదేళ్ళుగా ఉన్నా. (చేతిలో సుత్తి, నోట్లో సుత్తి, అందుకే ఆ పేరు.) అమ్మాయ్, పరీక్ష సంగతి చెప్తా విను. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ, మూడు మెట్లు. నోటిఫికేషన్ సాధారణంగా సెప్టెంబరులో పడుతుంది. వయసు 32 దాకా ఉంది కాబట్టి ఇప్పుడే కొంపేం మునిగిపోలేదు. లెవెల్ 10, బేసిక్ 56,100. చేరాక బండ్లగూడలో శిక్షణ, మధ్యలో చిత్రదుర్గ లాంటి చోట్ల ఫీల్డ్ క్యాంపులు. నా జీవితంలో బాగా నేర్చుకున్నది ఆ ఏడాదే, యూనివర్సిటీలో మ్యాపింగ్ అంటే బస్సులో వెళ్ళి ఫొటోలు దిగి రావడం.

అయితే ఇది రిసెర్చ్ ఉద్యోగం అనుకుని రాకు. జియోకెమికల్ మ్యాపింగ్‌లో పడ్డావనుకో, టోపోషీటు (సర్వే మ్యాపు) మొత్తం రెండు కిలోమీటర్లకో గడి గీసి, గడికో శాంపిల్ చొప్పున వాగుల్లో మట్టి తవ్వుకుంటూ పోవాలి. అక్కడో మంచి ఔట్‌క్రాప్ (నేల పైకి తేలిన రాయి) కనబడుతుంది, ఆగి చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది, కానీ ఆ రోజు గళ్ళు పూర్తి కావాలి. ఫీల్డ్ సీజన్‌లో నెలల తరబడి క్యాంపు. మా పాప మొదటి అడుగులు నేను వీడియోలో చూశా. జీతం మాత్రం ఒకటో తారీఖుకి పడుతుంది, ఆ మాట ఈ దారంలో ఇంకెవరూ అనలేరు.

గండికోట_పిల్ల | మార్చి 3, ఉదయం 9:02

బాబాయ్, ఆ ప్రశ్న నాకు నిజంగా తట్టలేదు. మాస్టారూ, ఉద్యోగంలో ఉంటూ పీహెచ్‌డీ చేసేవాళ్ళు లేరా?

సుత్తి_మాస్టారు | మార్చి 3, ఉదయం 9:30

ఉన్నారు. రాత్రి పదకొండుకి టెంటులో లాప్‌టాప్ తెరిచే ఓపిక ఉన్నవాళ్ళు. నాకు లేదు.

గుంతలు_లెక్కపెట్టేవాడు | మార్చి 3, మధ్యాహ్నం 1:48

ప్లానెటరీ వైపు నుంచి నేను మాట్లాడాలి, ఇక్కడ ఆ పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా. టాపిక్ మంచిదే, ఎందుకు మంచిదో చెప్తా. ప్రజ్ఞాన్ రోవర్ 103 మీటర్లు నడిచి 23 చోట్ల మట్టిని ఏపీఎక్స్ఎస్ అనే ఎక్స్‌రే పరికరంతో కొలిచింది. ఆ పరికరం అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీ, అంటే పీఆర్ఎల్‌ది, ఫలితాలు 2024 ఆగస్టులో నేచర్ పత్రికలో వచ్చాయి. మట్టి దాదాపు అంతటా ఒకే రకం, ఫెర్రోన్ అనార్థొసైట్‌కి దగ్గర. ఒకప్పుడు చంద్రుడి పైభాగమంతా కరిగిన శిలాద్రవమని, తేలికైన ప్లేజియోక్లేజ్ ఖనిజం పైకి తేలి పొరలా గట్టిపడిందని అపోలో రాళ్ళ కాలం నుంచీ అనుకుంటున్న మాటకి దక్షిణ ధ్రువం వైపు నుంచి దొరికిన సాక్ష్యం అది. పైగా మెగ్నీషియం అనుకున్నదానికంటే కాస్త ఎక్కువ కనబడింది, పెద్ద తాకిడి ఒకటి లోపలి సరుకుని పైకి చిమ్మి కలిపిందంటున్నారు.

కానీ ఆ పరికరం మూలకాలే చెబుతుంది, ఖనిజం పేరు చెప్పదు. అందుకే భూమ్మీద అలాంటి రాయి కావాలి. తమిళనాడు సిత్తంపూండి అనార్థొసైట్‌ని పొడి చేసే చంద్రయాన్-2 పరీక్షలకి ఇస్రో నకిలీ చంద్రమట్టి తయారుచేసుకుంది. మనకి ఖమ్మం వైపు చీమలపహాడ్ ఉంది, దాని మీద ఇంకా బోలెడు పని మిగిలుంది. చంద్రుడి రాయి అంటే బస్సెక్కి వెళ్ళేంత దూరమే.

ఇక చేదు సంగతి. ఇండియాలో ఈ పని చేసే చోట్లు వేళ్ళ మీద లెక్క. పీఆర్ఎల్, అహ్మదాబాద్‌లోనే ఎస్ఏసీ (ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్), కొన్ని ఐఐటీలు, ఐసర్లు, తిరువనంతపురంలో అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ. ఇస్రో అంటే అందరూ రాకెట్లే అనుకుంటారు, తీసుకునేది కూడా ఎక్కువగా ఇంజనీర్లనే, జియాలజిస్ట్ పోస్టులు ఎప్పుడో ఒకసారి. పోయిన సెప్టెంబరులో చంద్రయాన్-4కి కేబినెట్ 2,104 కోట్లు మంజూరు చేసింది, అక్కడి మట్టి ఇక్కడికి తెచ్చే మిషన్. తెచ్చాక దాన్ని పట్టుకుని చూసే చేతులు కావాలి కదా అని నా ఆశ.

జిర్కాన్_బాబాయ్ | మార్చి 3, మధ్యాహ్నం 2:05

ఆశ మీద ఇంటద్దె కట్టగలమా గుంతలన్నా?

గుంతలు_లెక్కపెట్టేవాడు | మార్చి 3, మధ్యాహ్నం 2:31

కట్టలేం. నేనిప్పుడు ప్రాజెక్టు పోస్టులో ఉన్నా, ప్రతి మార్చిలో పొడిగిస్తారో లేదో తెలీదు, ఈ మార్చిలో కూడా. కానీ నువ్వు చెప్పిన మెషీన్ గోల నాకు తక్కువ. నా పనంతా క్రేటర్లు లెక్కపెట్టడమే. ఒక నేల మీద గుంతలు ఎన్ని ఎక్కువుంటే అది అంత పాతది. ఎన్ని గుంతలకి ఎన్ని కోట్ల ఏళ్ళు అనే కొలబద్ద మాత్రం చేతికొచ్చిన రాళ్ళ నుంచే వచ్చింది, అమెరికా అపోలో, సోవియట్ లూనా తెచ్చినవి. వాటి వయసుల్లో మధ్యన పెద్ద ఖాళీ ఉండేది. 2020 డిసెంబరులో చైనా చాంగ్-ఎ-5 తెచ్చిన 1,731 గ్రాముల్లో బసాల్ట్ (లావా రాయి) వయసు 200 కోట్ల ఏళ్ళని తేలాక ఆ ఖాళీలో ఒక మేకు పడింది. అంటే ఎక్కడో ల్యాబ్‌లో నీలాంటివాడు గింజలు ఏరితేనే నా లెక్క నిలబడుతుంది బాబాయ్.

చెల్లీ, డేటా అంతా ఉచితం. చంద్రయాన్-2 బొమ్మలు ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో, నాసావి పీడీఎస్‌లో, సాఫ్ట్‌వేర్ జేమార్స్, క్యూజీఐఎస్ రెండూ ఉచితమే. చేరేలోపు ఈ మూడు నెలలూ ఒక క్రేటర్ తీసుకుని మ్యాప్ చెయ్. అప్పటికీ బోర్ కొట్టకపోతే ఈ పని నీదే.

చార్నొకైట్_అక్క | మార్చి 3, రాత్రి 9:15

మూడో ప్రశ్నకి ఇప్పటిదాకా ఒక్క మగాడూ జవాబు రాయలేదు, రాయలేరు కూడా. నాది వైజాగ్, పదకొండేళ్ళుగా ఫీల్డ్.

వెళ్ళగలవమ్మా. ఒక్కదానివే మాత్రం వెళ్ళకు, అది ఆడ మగ అని కాదు, కాలు మడత పడితే మోసుకొచ్చేవాళ్ళుండాలి. చేరేముందే అడుగు, ఫీల్డ్‌కి బండి ఎవరిస్తారు, తోడు ఎవరొస్తారు, గది ఎక్కడ. లాడ్జిలో ఒక్క అమ్మాయికి రూమ్ ఇవ్వం అన్న ఊళ్ళు నేను చూశా. రాత్రి ఏడింటికి బ్యాగుతో రోడ్డు మీద నిలబడి, చివరికి ఒక స్కూల్ టీచరమ్మ ఇంట్లో పడుకున్నా. ఆవిడ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. బాత్రూమ్ కోసం నీళ్ళు తాగడం మానెయ్యొద్దు, అందరం చేసే తప్పు అదే, నాకు రెండో ఏడు కిడ్నీలో రాయి వచ్చింది. మా ఆయన "నీ కలెక్షన్‌లో ఇదొక్కటే తక్కువైంది" అన్నాడు.

గనుల చట్టం ప్రకారం ఆడవాళ్ళు భూగర్భ గనిలోకి దిగి పనిచేయకూడదని ఉండేది, 1952 చట్టం, 2019లో సడలించారు. నేను చేరేనాటికి సడలించలేదు. పైన నిలబడి కింద నుంచి మగవాళ్ళు తెచ్చిన రాళ్ళని లాగ్ చేసేదాన్ని. సుదీప్తా సేన్‌గుప్తా 1983లోనే అంటార్కిటికా వెళ్ళొచ్చారు, మనకి మాత్రం గనిలోకి దిగడానికి ఇంకో ముప్పయ్యారేళ్ళు పట్టింది.

కొబ్బరికాయ_కాదు_మీటరు | మార్చి 4, ఉదయం 7:50

ఫీల్డ్ అంటే గుర్తొచ్చింది, తహసీల్దార్‌కీ పోలీస్ స్టేషన్‌కీ ఇవ్వడానికి యూనివర్సిటీ లెటర్ కాపీలు పది పెట్టుకో. రాయలసీమలో చేతిలో సుత్తి, మెడలో భూతద్దం, గుట్ట పక్కన పాత గుడి కనబడితే చాలు, నువ్వు గుప్తనిధుల గ్యాంగే. అనంతపురం వైపు ఇద్దరం వెళ్తే ఊరోళ్ళు చుట్టుముట్టారు, మా బ్రంటన్ దిక్సూచిని చూసి "ఇది నిధిని పట్టే మిషనా" అన్నారు. వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి పక్కయితే ఇంకో రకం, తొలకరి పడగానే అక్కడ జనం పొలాల్లో వజ్రాలు వెతుకుతారు కదా, ఒక పెద్దాయన సాయంత్రం దాకా నా వెనకే తిరిగి "మా చేను ఒక్కసారి చూసి చెప్పు సామీ" అని బతిమాలాడు. నల్లమల అయితే 2019 యురేనియం తవ్వకాల గొడవ తర్వాత సుత్తి కనబడితేనే అనుమానం, వాళ్ళ భయంలో న్యాయముంది కాబట్టి కోప్పడకూడదు, కూర్చుని చెప్పాలి.

నాది హైడ్రోజియాలజీ, అంటే భూగర్భ జలాల పని. అదే యూపీఎస్సీ పరీక్షలో సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డ్ పోస్టులూ ఉంటాయి, ఎవరూ చెప్పలేదు. ప్రైవేటు పనీ దొరుకుతుంది. కాకపోతే పోటీ కొబ్బరికాయతో. అరచేతిలో కాయ పెట్టుకుని నడుస్తాడు, కాయ లేచి నిలబడితే నీళ్ళు. నేను రెసిస్టివిటీ మీటరు, నాలుగు కడ్డీలు, రెండొందల మీటర్ల వైరు పరిచి మిట్టమధ్యాహ్నం దాకా కొలిచి చెప్పింది ఒక రైతు శ్రద్ధగా విన్నాడు. తర్వాత కాయాయన చెప్పిన చోటే బోరు వేశాడు. నీళ్ళు పడ్డాయి. ఆ రోజు నేను అన్నం తినలేదు.

రిక్టర్_రాజు | మార్చి 4, ఉదయం 11:20

😂 మాకు కొబ్బరికాయ కాదు, వాట్సాప్. మొన్న డిసెంబరు 4 పొద్దున 7:27కి ములుగులో 5.3 భూకంపం వచ్చింది కదా, హైదరాబాద్‌లో కూడా ఊగింది. నేను భూకంపాల మీద జేఆర్ఎఫ్. ఎనిమిదింటికల్లా చుట్టాలందరూ ఫోన్, "మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు పెద్దమ్మా అంటే "మరి ఏం చదువుతున్నావురా" అంది. గోదావరి లోయ వెంట పాత పగుళ్ళున్నాయి, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, అదీ ఇదీ ఆ చుట్టుపక్కలే అని వివరించేలోపు ఫోన్ పెట్టేసింది.

డబ్బు సంగతి ఎవరూ తేల్చలేదు కాబట్టి చెప్తా. మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, పైన హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం). 2023 జనవరి నుంచి ఈ లెక్క, అంతకుముందు 31,000. సరిపోతుంది, హాస్టల్ ఉంటే మిగులుతుంది కూడా. సమస్య ఎంత అనేది కాదు, ఎప్పుడనేది. నాకు మొదటి విడత చేతికొచ్చేసరికి ఎనిమిదో నెల. ఏ టేబుల్ మీద ఫైలు ఆగిందో చెప్పను. అప్పటిదాకా అన్నయ్య పంపాడు, వదినకి తెలియకుండా. చేరేముందు ఆర్నెల్ల ఖర్చు చేతిలో పెట్టుకో. ఇంకో గొయ్యి, ఫెలోషిప్ మొత్తం ఐదేళ్ళు. ఫీల్డ్, మెషీన్, పేపరు, రివ్యూయర్ అన్నీ కలిసి పీహెచ్‌డీ ఆరో ఏట్లోకి జారితే ఆ ఏడాది చేతిలో ఏమీ ఉండదు.

జిర్కాన్_బాబాయ్ | మార్చి 4, ఉదయం 11:41

ఆ ఆరో ఏడు నాకు ఆగస్టులో మొదలు. ఎవరికైనా ట్యూషన్ కావాలంటే చెప్పండి. ఇది జోక్ కాదు.

మంచు_మధ్య_తెలుగోడు | మార్చి 4, రాత్రి 11:58

జర్మనీ నుంచి. ఇక్కడ పీహెచ్‌డీ అంటే ఉద్యోగ ఒప్పందం, జీతం ప్రభుత్వ స్కేలు, అందులో సగమో మూడొంతులో ఇస్తారు, పని మాత్రం పూర్తిగా చేయిస్తారు. మెషీన్లు ఉంటాయి, పనిచేస్తాయి, టెక్నీషియన్ శుక్రవారం మూడింటికి ఇంటికి పోతాడు, ఆ తర్వాత దేవుడే దిక్కు. కానీ స్వర్గం అనుకోకండి. పీహెచ్‌డీకి ముందు ఆరేళ్ళు, తర్వాత ఆరేళ్ళు, అంతకు మించి తాత్కాలిక ఒప్పందాల మీద తిప్పకూడదని చట్టం. మమ్మల్ని కాపాడ్డానికే పెట్టారంట, గడువు దాటితే పర్మనెంట్ చేయాలి కాబట్టి దాటకముందే పంపేస్తారు. నాకింకా రెండేళ్ళుంది. నేను ఇక్కడి రాళ్ళు చూసింది తక్కువ, పనంతా ఇండియా శాంపిల్సే. ఇంటికొచ్చినప్పుడు సూట్‌కేసులో పచ్చళ్ళు ఒక పక్క, రాళ్ళు ఒక పక్క. ఎయిర్‌పోర్టులో రెండింటికీ తెరిపిస్తారు.

గండికోట చెల్లీ, ఎక్కడ చేరినా ఒక పని చెయ్. సార్ లేనప్పుడు ఆయన స్టూడెంట్స్‌తో టీ తాగు. పేపర్‌లో మొదటి పేరు ఎవరిది పెడతారు, ఎన్నేళ్ళకి బయటపడ్డారు, మధ్యలో మానేసిన వాళ్ళున్నారా, ఈ మూడూ అడుగు. మానేసినవాళ్ళ నంబర్ కూడా తీసుకో. వెబ్‌సైట్‌లో వాళ్ళుండరు.

మోడరేటర్ | మార్చి 5, ఉదయం 8:10

ఫలానా గైడ్ మంచివాడా కాదా అని పేర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. పేర్లు ప్రైవేటుగా మాట్లాడుకోండి. పెళ్ళి గురించిన పోస్టులు కూడా తీసేశాం, అవి ఏడు.

గండికోట_పిల్ల | ఏప్రిల్ 20, సాయంత్రం 6:33

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. వెళ్ళొచ్చా. సార్ సెమినార్‌లో ఉండగా స్టూడెంట్స్‌తో టీ తాగా, మూడు టీలు అయ్యాయి. ఖనిజాల కూర్పు కొలిచే ప్రోబ్ ఆ బిల్డింగ్‌లోనే ఉంది, పనిచేస్తోంది, నడిపే ఆయన పర్మనెంట్ (బాబాయ్, నీ ప్రశ్న అడిగితే వాళ్ళు నవ్వారు, నవ్వి జవాబు మాత్రం పూర్తిగా చెప్పారు). స్పెక్ట్రోమీటర్ మాత్రం లేదు, వేరే ఊరు పోవాలి. ఇప్పటికి ముగ్గురు పూర్తిచేశారు, ఐదున్నర నుంచి ఆరేళ్ళు. ఒకమ్మాయి మూడో ఏట మానేసింది. ఆమెతో ఫోన్లో గంట మాట్లాడా. సార్ మంచివాడే, కానీ డ్రాఫ్ట్ ఇస్తే నాలుగు నెలలు తెరవడంది. ఫీల్డ్‌కి బండి డిపార్ట్‌మెంట్‌ది, ఎప్పుడూ ఇద్దరికి తగ్గకుండా వెళ్తారట.

జులైలో చేరుతున్నా. సెప్టెంబరులో యూపీఎస్సీ ఫారం కూడా నింపుతా మాస్టారూ, ఆ సంగతి సార్‌కి చెప్పలేదు. గుంతలన్నా, ఒక క్రేటర్ మొదలుపెట్టా, మూడొందల పద్నాలుగు గుంతల దగ్గర కళ్ళు నీళ్ళు కారాయి. అందులో ఎన్ని పెద్ద తాకిడి నుంచి ఎగిరిపడ్డ రాళ్ళ గుంతలో తెలియడం లేదు.

గుంతలు_లెక్కపెట్టేవాడు | ఏప్రిల్ 20, సాయంత్రం 7:10

వరసగా గొలుసులా ఉంటే, గుండ్రంగా కాక సాగినట్టుంటే అవి తీసెయ్. మిగతావాటి మీద మేమూ కొట్టుకుంటూనే ఉన్నాం. నాకు పొడిగింపు వచ్చింది, పదకొండు నెలలు.

చార్నొకైట్_అక్క | ఏప్రిల్ 20, రాత్రి 8:45

మరి నాయనేమన్నాడు?

గండికోట_పిల్ల | ఏప్రిల్ 20, రాత్రి 9:20

ముందు ఏమీ అనలేదక్కా. నిన్న యూనిట్‌కి పిలిచి ఒక బండ చూపించాడు. పాలిష్ పెడితే నల్లగా చెట్టు కొమ్మల్లాంటి గీతలు బయటపడ్డాయి, మచ్చ ఉందని గిరాకీ వెనక్కి పంపేశాడు. "ఇది పాతకాలపు మొక్కేనా, చదివినావు గదా చెప్పు" అన్నాడు. మొక్క కాదు నాయనా, నీళ్ళు పగుళ్ళలో దూరి వదిలిన మాంగనీసు, డెండ్రైట్ అంటారని చెప్పా. కాసేపు దాన్నే చూసి "అయితే మొక్క కాదని ఎట్ల తెలిసింది మీకు?" అన్నాడు. అప్పటినుంచి ఆలోచిస్తున్నా, సరైన జవాబు చెప్పానో లేదో అని.

సుత్తి_మాస్టారు | ఏప్రిల్ 20, రాత్రి 9:34

ఆ బండ అమ్మనివ్వొద్దు. దాచి పెట్టు, వచ్చే నెల ప్రొద్దుటూరు వైపు వస్తున్నా, చూస్తా.

జిర్కాన్_బాబాయ్ | ఏప్రిల్ 20, రాత్రి 9:36

మాస్టారూ, లగేజీ టికెట్ కొడతారు, గుర్తుపెట్టుకోండి.